భిషగ్వరులు యల్లాప్రగడ సుబ్బారావుగారు

బోయిన్‌పల్లి మార్కెట్టునకు తెల్లవారకమునుపే దిగు కూరల మూటలలో పాలకూర కట్టలకు కొదువ యుండదు. ఆ కూర వండుకొను ఇండ్లలో గర్భిణియైన కోడలున్నచో ఆసుపత్రివారు ఆమెకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన బిళ్లలు ఇత్తురు. బోదకాలు రాకుండుటకై ఆరోగ్యశాఖవారు ఊరూర ఇంటింటికి వచ్చి మ్రింగించిన మాత్రలు పెద్దలకు జ్ఞాపకమే. కండ్లకలకకు పెట్టు టెట్రాసైక్లిన్ లేపనము పిల్లలున్న ప్రతి యింటివారును ఎరిగినదే. ఈ మూడింటి వెనుకను ఒక్క తెలుగు వైద్యుని పరిశ్రమ కలదు. మందు తెలిసినంతగా ఆ వైద్యుని పేరు తెలియకపోవుట మన దేశమున వింత కాదు. ఆయన తన పేరు చాటుకొనినవారు కారు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యముచేత ముందుగనే కొలువు మానుకొనవలసి వచ్చినది. బిడ్డలు పెక్కుమంది, రాబడి స్వల్పము. సుబ్బారావుగారికి బాల్యమున చదువుపై మనసు నిలువలేదు. పదమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము కూడబెట్టవలెనని బయలుదేరెను. నిడదవోలు దాటకమునుపే మనుష్యులను పంపి తల్లి వెనుకకు రప్పించినది. తరువాత భర్తను పోగొట్టుకొనినను ఆ యిల్లాలు మెడలోని బంగారము నమ్మి కొడుకును మరల బడికి పంపినది. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు మారులు తప్పి, మూడవ మారు మద్రాసు హిందూ హైస్కూలునుండి కూర్చుండి ఉత్తీర్ణుడయ్యెను. ఆ నగలు అమ్ముడుపోకున్నచో ఈ చరిత్ర వ్రాయవలసిన పనియే లేకపోయెడిది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొనుచుండగా ఆయనకు వైరాగ్యము కలిగి రామకృష్ణ మఠమున చేరవలెనని తలంచిరి. తల్లి సమ్మతింపలేదు. సన్యాసముకంటె వైద్యము నేర్చి రోగులకు సేవచేయుట మేలని మఠమువారును హితవు చెప్పిరి. అంతట మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. 1919లో శేషగిరమ్మగారితో వివాహమైనది. అనపర్తివారైన మామగారు చదువునకు ధనసహాయము చేసిరి. గాంధీజీ పిలుపు విని విదేశీ వస్త్రములు విడిచి ఖద్దరు కట్టుట అప్పటి విద్యార్థులలో పెక్కుమంది చేసిన పనియే. అయితే సుబ్బారావుగారు శస్త్రచికిత్స శాలలోనికి కూడ ఖద్దరు అంగీతోనే పోయిరి. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది కంటగింపైనది. వ్రాత పరీక్షలలో చక్కగా వ్రాసినను ఆయనకు పూర్తి ఎం.బి.బి.యస్. పట్టము దక్కలేదు. దానికి తక్కువదియైన ఎల్.ఎం.యస్. యోగ్యతాపత్రము మాత్రమే చేతికి వచ్చినది. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో కొలువునకు ప్రయత్నించిరి గాని దొరకలేదు.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటియందే తగిలినది. ఆయన సోదరులు ఇరువురు, పురుషోత్తము, కృష్ణమూర్తి అనువారు, కొద్ది దినముల యెడముతో ఒకరి వెనుక ఒకరు మరణించిరి. ఆంగ్ల వైద్యులు స్ప్రూ అని పిలుచు జబ్బు వారిని బలిగొన్నది. తిన్నది వంటబట్టక, నాలుక పుండై, ఎడతెగని విరేచనములతో మనుష్యుడు నెత్తురు చచ్చి ఎముకల గూడగు రోగమది. మన వైద్యులు చెప్పు గ్రహణికి ఇది మిక్కిలి దగ్గరగా నుండును. చరకసంహిత చికిత్సాస్థానమున గ్రహణికి ప్రత్యేకమైన అధ్యాయమే కలదు. వైద్యవిద్య చదివిన అన్న కన్నులయెదుట నుండగనే తమ్ముడు పోయెను. చదివిన పుస్తకములలో దానికి మందు లేదు. కొంతకాలమునకు అదే జబ్బు సుబ్బారావుగారికిని సోకినది. అప్పుడు ఆయనను కాపాడినది ఆంగ్ల వైద్యము గాక ఆయుర్వేదము. చికిత్స చేసినవారు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు.

లక్ష్మీపతిగారు రెండు వైద్యములను నేర్చినవారు. పాశ్చాత్య వైద్యమున పట్టము పొందిన పిదప పండిత దీవి గోపాలాచార్యులుగారి శిష్యులై ఆయుర్వేదమును చేపట్టిరి. గోపాలాచార్యులుగారు ప్లేగు మహమ్మారి ప్రబలిన దినములలో హైమాది పానకము, శతధౌత ఘృతము అను మందులతో పేరుపొందిన వైద్యులు. ఆ దినములలో హైదరాబాదు, సికింద్రాబాదు ప్రాంతములను కూడ ప్లేగు పీడించినది. జనులు ఇండ్లు విడిచి ఊరి వెలుపలి బయళ్లలో పాకలు వేసికొని బ్రదికిన కాలమది. అట్టి గురుపరంపరకు చెందిన లక్ష్మీపతిగారు తమ ఆయుర్వేద కళాశాలలో సుబ్బారావుగారికి శరీరశాస్త్రము బోధించు పని ఇచ్చిరి.

సుబ్బారావుగారి జీవితమున ఈ కొలది కాలమును చరిత్రకారులు రెండు వాక్యములలో దాటివేయుదురు. అది న్యాయము కాదు. ప్రాణము నిలిపిన మందు ఆకులనుండియు వేళ్లనుండియు వచ్చినది. దానిలో ఏ పదార్థము ఆ పనిచేసినదో చెప్పగలవారు మాత్రము లేరు. ఒక వైద్యుని చేతిలో కుదిరిన కషాయము మరియొక వైద్యుని చేతిలో కుదరదు. ఒక ఋతువున తెచ్చిన వేరునకు గల గుణము మరియొక ఋతువున తెచ్చినదానికి ఉండదు. తూకము తెలిసిన మందు కావలెనన్నచో ఆకునుండి ఆ గుణమును విడదీయవలెను, కొలవవలెను, మరల మరల పరీక్షింపవలెను. ఆయుర్వేదమును నేటి శాస్త్రముతో సరిచూడవలెనని ఆయన పూనుకొనిరి. అంతలో రాక్‌ఫెల్లరు వేతనముపై మన దేశమునకు వచ్చిన ఒక అమెరికా వైద్యునితో పరిచయము కలిగినది. దానితో ఆయన చూపు సముద్రముల కావలికి మరలినది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారు సహాయము చేసెదమనిరి. మిగిలినది మామగారు సమకూర్చిరి. అట్లు 1920 తరువాతి తొలి యేండ్లలో ఆయన బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశపు రోగముల శాస్త్రము చదువుటకు ప్రవేశించిరి. చేతిలో డబ్బు లేదు. రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచు కూలిపని చేసి పొట్టపోసికొనిరి. మద్రాసులో పట్టము పొందిన వైద్యుడు బోస్టనులో ఆ పనికి సిగ్గుపడలేదు. ఆయన వెడలిన పిదప స్వదేశమున కుమారుడు జన్మించెను. ఏడాది నిండకమునుపే ఆ శిశువు కన్నుమూసెను. తండ్రి బిడ్డను చూచినది లేదు. శేషగిరమ్మగారు తన భర్తను మరల చూచినది లేదు. మూడేండ్లలో తిరిగి వత్తునని వెళ్లినవారు మరి రాలేదు. పరిశోధన ముగియలేదనుట నిజమే. గాని దాని వెలలో సగమునకు మించి చెల్లించినది మన దేశమున మిగిలిపోయిన ఆ యిల్లాలే యని చెప్పకున్నచో లెక్క తప్పగును.

హార్వర్డులో జీవరసాయన శాఖయందు సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలసి పనిచేసిరి. 1925లో నెత్తురులోను మూత్రములోను భాస్వరము ఎంత గలదో నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని వారిరువురు ప్రకటించిరి. ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిటను విద్యార్థులు దీనిని నేర్చిరి, దశాబ్దములపాటు వాడిరి. ఆ కొలత చేతనుండుటచే కండరములలో దాగిన ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థము 1927లో బయటపడినది. 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వేరుచేసిరి. అదే సమయమున జర్మనీలో లోమన్ అనువారును దానిని కనుగొనిరి. మనము చేయెత్తినను, కనురెప్ప వాల్చినను ఖర్చగు శక్తికి నాణెము వంటిది ఈ ఏ.టి.పి. 1930లో ఆయనకు పిహెచ్.డి. పట్టము వచ్చినది. స్థిరమైన ఆచార్య పదవి మాత్రము రాలేదు. సుబ్బారావుగారు కనుగొనిన వస్తువులు కొన్ని వెలుగు చూడక మరుగుపడిపోయినవనియు, వానిని ఇతరులు ఏండ్ల తరువాత మరల కనుగొనవలసి వచ్చినదనియు ఆ కాలమున ఆయనతో పనిచేసి, 1988లో నోబెలు బహుమానము నందిన హిచింగ్సుగారే పిమ్మట తెలిపిరి.

1940లో హార్వర్డు విడిచి న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరనున్న లెడర్లే మందుల సంస్థలో చేరిరి. కొలది కాలములోనే అచ్చటి పరిశోధనలన్నిటికి అధ్యక్షులైరి. ఇచ్చటనే ఆయన పాత పగను తీర్చుకొనిరి. ఆ పగ స్ప్రూ మీదిది.

బొంబాయిలో గర్భిణులకు వచ్చు నెత్తురు లేమిని గూర్చి లూసీ విల్సు అను ఆంగ్లేయ వైద్యురాలు 1930 ప్రాంతమున పరిశోధించి, ఈస్టు సారములో దానిని కుదుర్చు ఏదో వస్తువు కలదని తెలిపిరి. 1941లో అమెరికాలోని టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను నూరి, వడబోసి, దానినుండి చిటికెడు పదార్థమును రాబట్టిరి. ఆకునకు లాటిను భాషలో ఫోలియమ్ అని పేరు. ఆకునుండి వచ్చినదగుటచే దానికి ఫోలిక్ ఆమ్లమని నామకరణము చేసిరి. ఒక రోగికి ఒక నెల మందు కావలెనన్నను బండ్లకొలది కూర నూరవలసి వచ్చుచో అది మందు కానేరదు. సుబ్బారావుగారి బృందమువారు కార్జమునుండియు సూక్ష్మజీవులనుండియు దానిని వేరుచేసి, దాని నిర్మాణమును తెలిసికొని, 1945 నాటికి ప్రయోగశాలలోనే దానిని తయారుచేసిరి. ఆ మందును స్ప్రూ రోగులకు ఇచ్చి చూచినప్పుడు నాలుకపై పుండు మానినది, నెత్తురు పట్టినది, అన్నము అరిగినది. పురుషోత్తమును కృష్ణమూర్తియు బ్రదికియుండిన దినములలో ఈ బిళ్ల లేదు. ఒక యింటి దుఃఖము ఇరువదియేండ్లకు పైబడి ఒక మనుష్యుని వెంట సముద్రము దాటి నడచి, తుదకు మందై వచ్చుట చరిత్రలో తరచుగా కనబడు విషయము కాదు.

ఆ ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనికి అడ్డుపడు అమినోప్టెరిన్ అను పదార్థమును కూడ ఆ బృందమువారే చేసిరి. 1947 చివరను బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు దానిని నెత్తురు క్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి తాత్కాలికముగానైనను రోగము తగ్గునని చూపిరి. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునకు, కీళ్లవాతమునకు వాడుకలో నున్నది. బోదకాలునకు హెట్రజాన్ అను మందు 1947లో ఇచ్చటనుండియే వచ్చినది. వీనిలో ఒక్కొక్కటియు ఒక జీవితమునకు చాలినంత పని. గాని చదువరులు ముఖ్యముగ తెలిసికొనదగినది మరియొకటి కలదు.

యుద్ధ దినములలో పెన్సిలిన్ వచ్చి లోకమును ఆశ్చర్యపరచినది. చీము పట్టిన గాయములు, న్యుమోనియా వారము దినములలో కుదురసాగినవి. అయితే పెన్సిలిన్ కొన్ని జాతుల క్రిములమీదనే పనిచేయును. టైఫసు జ్వరము వంటివానికి అది చాలదు. పైగా దానిని అరకొరగా వాడినచో క్రిములు దానికి అలవాటుపడి లొంగకుండ పోవునని, దానిని కనుగొనిన ఫ్లెమింగు తానే 1945లో నోబెలు బహుమానము అందుకొనుచు హెచ్చరించిరి. ఆ మాట ఎంతయో కాలము గడువకమునుపే నిజమైనది. పెద్ద ఆసుపత్రులలో పెన్సిలినునకు చావని చీము క్రిములు అప్పటికే తలయెత్తినవి.

అప్పుడు సుబ్బారావుగారు ఒక వృద్ధుని పిలిచిరి. ఆయన పేరు బెంజమిన్ డగ్గరు. వృక్షశాస్త్రాచార్యుడు. ఏడుపదులు దాటి విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి గైకొనినవాడు. ఆ వయసులో వానికి కొలువెందుకని ఇతరులు తలచియుందురు. సుబ్బారావుగారు ఆయనకు ప్రయోగశాల ఇచ్చి, మట్టిలోని బూజులను వెదకుడనిరి. మట్టియందు కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఒకదానితో ఒకటి పోరాడుచుండును. ఆ పోరాటమున అవి వెలువరించు విషమును మన రోగక్రిములపై ప్రయోగింపవచ్చునన్నది అప్పటి యాశ. డగ్గరుగారు ఎచ్చటెచ్చటి పరిచితులకో వ్రాసి మట్టి పొట్లములు తెప్పించిరి. మిస్సోరీ విశ్వవిద్యాలయమున సాన్‌బర్ను పొలమని ఒక ప్రయోగక్షేత్రము కలదు. అచ్చట 1888 నుండి ఏయే మడిలో ఏ పంట వేసినదియు, ఎరువు వేసినదియు లేనిదియు లెక్క తప్పక వ్రాసియుంచుదురు. అందు 23వ మడి పశుగ్రాసము పెరుగు చోటు. 1945లో ఆ మడినుండి వచ్చిన మన్నులో బంగారు రంగున ఎదుగు ఒక జీవి కనబడినది. ఆ రంగునుబట్టి దానినుండి వచ్చిన మందునకు ఆరియోమైసిన్ అని పేరుపెట్టిరి. ఆరియో యనగా బంగారము.

ఆ మందు పెన్సిలిన్ చంపగల క్రిములను చంపుటయే గాక పెన్సిలినునకు లొంగని పెక్కింటిని కూడ చంపినది. టైఫసు జాతి జ్వరములను కుదిర్చినది. సూదిమందుగా పొడువనక్కరలేక నోట మ్రింగిన చాలును. మనుష్యులపై దానిని మొదట పరీక్షించినవారు న్యూయార్కు హార్లెము ఆసుపత్రిలోని నల్లజాతి శస్త్రవైద్యులు లూయీ రైటుగారు. టెట్రాసైక్లిన్ వర్గపు మందులకు ఇదియే మొదటిది.

1948 జూలై మాసమున న్యూయార్కులో పండితుల సభలో ఆరియోమైసిన్ వృత్తాంతము ప్రకటింపబడినది. తమ పేరు ముందుంచుకొనక తోడి పనివారినే ముందుకు పంపుట ఆయన అలవాటు. కొలది దినములకే, ఆగస్టు మాసమున, నిద్రలో గుండె ఆగి ఆయన మరణించిరి. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరములు. స్వదేశము స్వతంత్రమై ఒక్క యేడు నిండుచుండెను. ఆ స్వతంత్ర దేశమును ఆయన కన్నులతో చూడలేదు. చివరివరకును అమెరికా పౌరుడును కాలేదు.

ఆయన వెడలిన పిదప జరిగినది చెప్పకున్న కథ సగమే యగును. 1948 చివరను, ఫోలిక్ ఆమ్లపు పరిశోధనలో ఆయనతో పనిచేసిన జూక్సు, స్టోక్‌స్టాడు అనువారు ఆరియోమైసిన్ తయారైన పిదప మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేతలో పెట్టి చూచిరి. పిల్లలు వేగముగ బలిసినవి. అంతట దేశదేశముల కోళ్లకు, పందులకు, దూడలకు రోగము లేకున్నను మేతతోపాటు ఆ మందు పెట్టుట వాడుకయైనది. రోగికి తూచి ఇవ్వవలసిన మందు బస్తాలకొలది దాణాలో కలిసెను. ఆ మేలు చేసినవారు కీడు తలపెట్టలేదు. గాని క్రిములకు దినదినము కొంచెముకొంచెముగ మందు రుచి చూపి నేర్పుటకు ఇంతకంటె మంచి బడి మరియొకటి లేదు.

క్రిములు ఏమి నేర్చినవో 1980లో బోస్టను నగరమందలి స్టువర్టు లెవీగారి ప్రయోగశాలవారు చూపిరి. టెట్రాసైక్లిన్ తన లోనికి వచ్చిన వెంటనే, పడవలోనికి వచ్చిన నీటిని పడవవాడు తోడిపోసినట్లు, క్రిమి దానిని వెలుపలికి తోడిపారవేయును. ఆ తోడుటకు వలసిన యంత్రము దాని దేహపు పొరలోనే కలదు. ఆ విద్యను అది పిల్లలకు ఇచ్చుటయే గాక, ప్రక్కనున్న అన్యజాతి క్రిమికిని దానము చేయును. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు మన పటాన్‌చెరువు ప్రాంతమున మందుల కర్మాగారముల మురికినీరు శుద్ధిచేసి వదలు చోట నీటిని పరీక్షించిరి. సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు అందు కనబడెను. రోగి నెత్తురులోనైనను అంత యుండదు. 2019లో మందులకు లొంగని క్రిముల మూలముననే లోకమున 12 లక్షల 70 వేలమంది మరణించిరని శాస్త్రజ్ఞుల అంచనా.

మట్టినుండి వచ్చిన మందులు ఇట్లు పదును కోల్పోవుచుండగా పండితుల చూపు మరల ఆకులవైపునకు, వేళ్లవైపునకు మరలినది. సుబ్బారావుగారు ఏ తావునుండి బయలుదేరిరో ఆ తావునకే శాస్త్రము తిరిగి వచ్చినట్లయినది. దారుహరిద్రను తీసికొందము. మాను పసుపని మనవారు వ్యవహరించునది. దానియందు బెర్బెరిన్ అను పచ్చని పదార్థము కలదు. దానికి క్రిములను చంపు గుణము గలదు గాని చీముక్రిమి దానిని కూడ తోడిపోయును. 2000 సంవత్సరమున అమెరికా శాస్త్రజ్ఞులు ఒక చిత్రమును చూపిరి. దారుహరిద్ర జాతి మొక్కలలోనే మరియొక పదార్థము కలదు. తనంతట అది క్రిమిని చంపదు. క్రిమి తోడిపోయు యంత్రమును మాత్రము స్తంభింపజేయును. రెండును కలిసినప్పుడు మొదటిదానికి బలము వచ్చును. ఆ రెండవ పదార్థము అంతకుమునుపే చాల్‌ముగ్ర నూనెలో స్వల్పముగ నున్నట్లు తెలిసినది. ఆ నూనె మనకు క్రొత్తది కాదు. సుశ్రుతుడు తువరకమను పేర కుష్ఠరోగమునకు చెప్పినది ఆ జాతి వృక్షపు నూనెయే. నిజామాబాదు మండలమున డిచ్‌పల్లిలో 1915లో వెలసిన కుష్ఠరోగుల ఆసుపత్రియందు ఇసబెల్ కెర్ అను వైద్యురాలు ఆ నూనెనే సూదిమందుగా ఇచ్చి చికిత్స చేసిరి. 2006లో జమ్మూలోని మన ప్రభుత్వ పరిశోధనశాలవారు మిరియములలోని పైపరిన్ కూడ సిప్రోఫ్లాక్ససినునకు అట్లే తోడుపడునని ప్రయోగశాలలో చూపిరి. ఔషధములతో త్రికటుకమును చేర్చు మన పూర్వుల ఆచారము దీనితో గుర్తునకు రాకమానదు.

అయితే ఇవన్నియు గాజుగొట్టములలో చూచిన సంగతులు. గాజుగొట్టమునుండి రోగి మంచము వరకు గల దారి బహు దూరము. పసుపునందలి కర్క్యుమిన్ గూర్చి వేలకొలది వ్యాసములు వెలువడినవి. 2017లో రసాయన శాస్త్రజ్ఞులు కొందరు వానిని వడబోసి, ఆ పదార్థము నిలుకడ లేనిదనియు, మ్రింగినను నెత్తురులోనికి చేరుట అరుదనియు తేల్చిరి. పుండుపై పసుపు అద్దుట వేరు, నెత్తురులో విషక్రిమి వ్యాపించినవానికి పసుపునీళ్లు త్రావించి ఊరకుండుట వేరు. రెండవది ప్రాణము తీయును.

ఆకునుండి నిజముగ మందు వచ్చిన కథకు సాక్ష్యము మలేరియాయే. బోయిన్‌పల్లికి దాపుననున్న బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాసుగారు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిరి. ఆ జ్వరమునకు మొదటి మందు సింకోనా చెట్టు బెరడునుండి వచ్చిన కొయినా. పిమ్మట ప్రయోగశాలలో చేసిన క్లోరోక్విను వచ్చినది. 1950 దశకము చివర క్రిమి దానికిని లొంగుట మానివేయసాగెను. చైనాలో తూ యూయూ అను విదుషీమణి ప్రాచీన వైద్యగ్రంథములు తిరగవేయుచు ఒక మాచిపత్రి జాతి మొక్కను గూర్చిన వాక్యమును చూచిరి. దానిని నీటిలో నానవైచి పిండిన రసము త్రాగవలెనని అందు గలదు. ఆమె అంతవరకు దానిని కాచి కషాయము తీయుచుండిరి. వేడికి గుణము నశించుచున్నదని అప్పుడు ఆమెకు తోచినది. వేడి తగులకుండ సారము తీయగా 1971లో మందు పనిచేసినది. మరుసటి యేడు ఆర్టెమిసినిన్ వేరుచేయబడినది. ఆమెకు 2015లో నోబెలు బహుమానము వచ్చినది. గ్రంథము త్రోవ చూపినది, ప్రయోగము గమ్యము చేర్చినది. సుబ్బారావుగారు లక్ష్మీపతిగారి కళాశాలలో మొదలుపెట్టి పూర్తిచేయలేక వెళ్లిన పని సరిగా ఇట్టిదే. ఇంతచేసినను ఆర్టెమిసినినునకు కూడ లొంగని క్రిములు కంబోడియా ప్రాంతమున తలయెత్తినవి. మొక్కనుండి వచ్చినంతమాత్రమున మందునకు అమరత్వము లేదు.

1994లో సూరతు నగరమున ప్లేగు పుట్టినదని జనులు లక్షలుగ పారిపోయిరి. అప్పుడు ప్రభుత్వమువారు విరివిగ పంచినది టెట్రాసైక్లినే. మరుసటి యేడు సుబ్బారావుగారి శతజయంతి. తపాలాశాఖవారు ఆయన చిత్రముతో బిళ్ల వెలువరించిరి. అంతకుమునుపు 1953లోనే లెడర్లేలోని ఒక శాస్త్రజ్ఞుడు తాను క్రొత్తగా కనుగొనిన ఒక బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరుపెట్టియుండెను. అది మురికినీటిని వడగట్టు రాళ్లపై పట్టు పాచిలో పెరుగునది.